కారం చాల్లేదు

ఆదివారం పొద్దున్నే కోడలు మామిడిపళ్ళు చెక్కు తీస్తుంటే అత్తగారు వంటగది గుమ్మానికి ఆనుకుని చూస్తోంది. నడుముకు దోపుకున్న స్టీలు చెంచా ఎప్పటిలాగే తళతళలాడుతోంది. విద్యార్థుల హాస్టల్లో ఇరవై ఎనిమిదేళ్ళు ఆవిడ ఆ చెంచాతోనే రుచి చూసింది. ఆవిడ తల ఊపితే తప్ప మూడు వందల కంచాల్లో మెతుకు పడేది కాదు. ఉద్యోగం వదిలింది గానీ చెంచాను వదల్లేదు. ఈ ఇంట్లోనూ పొయ్యి మీంచి ఏది దించినా ముందు ఆవిడ నాలుక మీద పడాలి, ఆ తర్వాతే వడ్డన.

తొమ్మిదేళ్ళుగా కోడలు ఆ చెంచా కిందే బతుకుతోంది.

"సగం గుజ్జు తియ్యి, సగం ముక్కలుంచు. పోయినసారి అంతా జావలా చేసి పెట్టావు," అంది అత్తగారు.

"అలాగే అత్తయ్యా."

"పాకం చల్లారిందా?"

"చల్లారింది."

"చల్లారిందంటావు. చెయ్యి పెట్టి చూశావా?"

కోడలు గిన్నెలో వేలు ముంచి చూపించింది. అత్తగారు పెదవి విరిచి స్నానానికి వెళ్ళింది.

కోడలు చేస్తున్నది మామిడి పుల్ల ఐసు, మెక్సికో వాళ్ళ పద్ధతిది. తను పనిచేసే కళ్ళద్దాల దుకాణంలో బేరాల్లేని పూట ఫోనులో చూసి నేర్చుకుంది. మామిడి గుజ్జులో చక్కెర పాకం, నిమ్మరసం కలిపి గ్లాసుల్లో పోసి, సగం గడ్డకట్టాక పుల్ల గుచ్చాలి. బాగా బిగిశాక పైన ఉప్పూ కారం చల్లాలి. మొదటిసారి చేసినప్పుడు మొగుడు పుల్ల కూడా చీకేశాడు. అత్తగారు మాత్రం, "కారం చాల్లేదు," అంది. రెండోసారీ అదే మాట. వేసవంతా అదే మాట. ఒకసారి నోరు భగ్గుమనేంత చల్లినా, "మీ పుట్టింట్లో మిరపకాయ మొహం చూడలేదా?" అంది. మిగతా వంటల్లో ఒకరోజు ఉప్పు ఎక్కువ, ఒకరోజు తక్కువ. ఐసుకు మాత్రం ఎప్పుడూ ఆ ఒక్క వంకే.

అయితే పోయిన బుధవారం కోడలికి ఒక సంగతి దొరికింది. పాలు అడుగంటి ఇల్లంతా మాడు కంపు కొడుతుంటే, అత్తగారు పొయ్యి ముందే నిలబడి తాపీగా గిన్నెలు తుడుచుకుంటోంది. కోడలు పరుగున వచ్చి మంట ఆర్పింది. మనసులో దాచుకుంది.

ఇప్పుడు స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు మొదలవగానే, పాకం కలపని గుజ్జు ఒక గ్లాసుకు సరిపడా పక్కకు తీసింది. అందులో మూడు చెంచాల ఉప్పు వేసి కలిపింది. సొట్ట పడ్డ గ్లాసులో పోసింది.

నాలుగింటికి ఆడపడుచు వచ్చింది. బళ్ళో పిల్లలకు చెప్పే గొంతుతోనే ఇంట్లోనూ మాట్లాడుతుంది కాబట్టి అందరికీ ఆవిడ టీచరమ్మే. ఆవిడ తమ్ముడు, అంటే కోడలి మొగుడు, బస్సు డ్యూటీ దిగి అప్పుడే కాళ్ళు కడుక్కుంటున్నాడు.

కోడలు ఒక గ్లాసు ఫ్రిజ్‌లోనే ఉంచి, మిగతావాటిని గోరువెచ్చని నీళ్ళలో ముంచి ఐసులు లాగింది. మూడింటి మీద ఉప్పూ కారం చల్లింది. సొట్ట గ్లాసులోది ఏమీ చల్లకుండా అత్తగారి చేతిలో పెట్టింది.

"దీనికి కారం వెయ్యలేదేం?"

"ఎప్పుడూ వంక కారం మీదే కదా అత్తయ్యా. ఈసారి పండు రుచి చూసి చెప్పండి."

అత్తగారు ఒక ముక్క కొరికింది. "సరిగ్గా బిగుసుకోలేదు," అంది. తర్వాత కొడుకు ముఖంలోకి చూసింది. వాడు కళ్ళు మూసుకుని చప్పరిస్తున్నాడు. కూతురి వైపు చూసింది. కూతురు తల ఊపుతోంది. "బాగానే ఉంది. తీపి ఒక పిసరు ఎక్కువైంది," అంది.

"ఇంకోసారి చూసి చెప్పండి."

ఆవిడ ఇంకో ముక్క కొరికి మింగింది. "చెప్పాగా. పాకం తగ్గించు."

కోడలు ఆ ఐసు అందుకుని ఆడపడుచుకు ఇచ్చింది. "మీరు చూడండి వదినా. తీపి ఎక్కువైందట."

టీచరమ్మ నాలుక ఆనించి, కుళాయి దగ్గరికి పరుగెత్తి ఉమ్మింది. "ఉప్పు కషాయం! అమ్మా, ఎలా మింగావే దీన్ని?"

ముందు నవ్వింది కొడుకే. "హాస్టల్ పెద్ద నాలుక రిటైరైపోయిందన్నమాట!" అన్నాడు. ఆ వెంటనే కూతురూ నవ్వింది. కోడలు నవ్వలేదు. తొమ్మిదేళ్ళుగా ఎదురుచూసిన ముఖం అది. తీరిగ్గా చూసింది.

"ఎప్పటినుంచమ్మా?" అంది టీచరమ్మ.

"జ్వరం వచ్చి లేచినప్పటినుంచి. పద్నాలుగు నెలలు. వాసనా లేదు, రుచీ లేదు."

"మరి పద్నాలుగు నెలలుగా ఏం చూసి వంకలు పెట్టారు?" అంది కోడలు.

"మీ ముఖాలు చూసి," అంది అత్తగారు.

"ఇంక వంటగదిలోకి రాకమ్మా," అన్నాడు కొడుకు నవ్వాపి. "రేపు గ్యాస్ లీకైనా నీకు తెలీదు. ఇల్లు తగలెడతావు."

ఆ మాటలో నిజముంది. అందుకే ఎవరూ కాదనలేదు. అత్తగారు లేచి, నడుముకున్న చెంచా తీసి, కడిగి, కొంగుతో తుడిచి కోడలి ముందు పెట్టి తన గదిలోకి వెళ్ళింది.

ఆ తర్వాత నాలుగు రోజులు ఇంట్లో వంక లేదు. అత్తగారు పెట్టింది తినేది, కంచం కడిగి పెట్టేది, కిమ్మనేది కాదు. కోడలు కోరుకున్నది అదే. కానీ వంట దించి ఒక క్షణం ఆగడం మాత్రం మానలేకపోయింది. గుమ్మంలో ఎవరూ ఉండేవారు కారు.

శుక్రవారం మధ్యాహ్నం దుకాణంలో కరెంటు పోతే తొందరగా ఇంటికొచ్చింది. వంటగదిలో అలికిడైంది. అత్తగారు ఫ్రిజ్ తలుపు వెనక నేల మీద కూర్చుని, ఆదివారం మిగిలిపోయిన ఐసును కారం డబ్బాలో అద్దుకుని తింటోంది. కళ్ళూ ముక్కూ ధారలు కడుతున్నాయి. పెదాలు ఎర్రగా వాచాయి. కోడల్ని చూసి డబ్బాను కొంగు కింద దాచబోయింది. దొంగతనం చేసి దొరికినట్టు.

"వెళ్ళిపోతాన్లే. పొయ్యి ముట్టుకోలేదు."

"ఏమిటత్తయ్యా ఇది?"

"ఇదొక్కటే తెలుస్తుందే నాకు. ముందు చల్లదనం, వెనకే మంట. మిగతావన్నీ తడిసిన అట్టముక్క నమిలినట్టే. నువ్వు ఇది మొదటిసారి చేసిన రోజు, పది నెలల తర్వాత నా నోట్లో ఏదో ఉందని తెలిసింది. ఇంకాస్త కారం పడితే ఇంకాస్త తెలుస్తుందేమోనని..."

కోడలు పక్కనే కూర్చుంది. వేసవంతా విన్న ఆ ఒక్క మాటా ఇప్పుడు మరోలా వినబడింది. ఆవిడకు తెలిసే ఆ ఒక్కదాన్నీ, ఆదివారం తన చేత్తోనే తీసేసి ఇచ్చింది.

"నాతో చెప్పొచ్చు కదా."

"నువ్వు నన్నొక్కదాన్నే అడగొచ్చు కదా. వాళ్ళ ముందు కాకుండా."

"అడిగితే అబద్ధం చెప్పేవారు."

"చెప్పేదాన్నే," అంది అత్తగారు. "తొమ్మిదేళ్ళు నిన్ను కాల్చుకు తిన్నాను. నీకూ ఒక రోజు రావాలిగా."

కోడలు ఏడ్చింది. అత్తగారు ఊరుకోమనలేదు. చేతిలోని పుల్లకు అంటిన చివరి ముక్క దాకా తింది.

కాసేపటికి కోడలు ముఖం కడుక్కుని వచ్చింది. అరలోంచి చెంచా తీసి అత్తగారి చేతికిచ్చింది. "లేవండి. ఇంకా మూడు పళ్ళున్నాయి. గుజ్జు చిక్కదనం, పుల్ల గుచ్చే వేళ మీరు చూడండి. తీపీ పులుపూ నేను చూస్తాను. పొయ్యి దగ్గర ఇద్దరం ఉందాం."

"మీ ఆయన ఒప్పుకోడు."

"ఆయన సంగతి నాకొదిలెయ్యండి. ఆ రోజు ముందు నవ్వింది ఆయనే."

సాయంత్రానికి ఐసు బిగిసింది. కోడలు ఎర్రగా కారం చల్లి ఇచ్చింది. అత్తగారు కొరికి, కళ్ళు మూసుకుని చాలాసేపు నోట్లో ఉంచుకుంది.

"కారం చాల్లేదు," అంది.

కోడలు డబ్బా మూత తీసింది.