ముట్టుకోని మొక్కలు

"మీ కంప్యూటర్‌కి కళ్ళు కనబడవా?"

తలుపు తోసుకుని వస్తూనే ఆమె అడిగిన మాట అది. జీన్ సీక్వెన్సింగ్ లెక్కలు చూసే అతను తలెత్తేసరికి ఎదురుగా వానకు తడిసిన జుట్టు, దాని కింద నిప్పులు కురిపిస్తున్న కళ్ళు. కోపంలో కూడా ఎంత బాగుందిరా దేవుడా అనుకుని, వెంటనే బుద్ధి తెచ్చుకున్నాడు.

"కంప్యూటర్ ఏం చేసిందండీ పాపం?"

"గాయమైతేనే నా మొక్క ఆ మందుసరుకు తయారుచేస్తుంది. మన నొప్పులకి పనికొచ్చేది అదే. అందుకే సగం మొక్కల ఆకులు పట్టకారుతో నొక్కాను, మిగతా సగాన్ని ముట్టుకోలేదు. రెండింటికీ తేడా కనబడితేనే ఏ జీన్లు ఆ పని చేస్తున్నాయో తెలిసేది. మీ రిపోర్టులో రెండింట్లోనూ జీన్లన్నీ ఒకేలా లేచి కూర్చున్నాయి! ఇది చూస్తే సాయంత్రం మన ల్యాబ్ పెద్దాయన ఈ మొక్కే వద్దంటారు. నా కష్టమంతా మట్టికొట్టుకుపోతుంది."

విసురుగా వెళ్ళిపోయింది.

అతను మళ్ళీ చూశాడు. లెక్క తప్పలేదు. ముట్టుకోని మొక్కల్లో, ఎవరైనా తాకితే మేలుకునే జీన్లు కూడా మేలుకుని ఉన్నాయి. అంటే ఎవరో రోజూ ఆ ఆకుల్ని తాకుతున్నారు.

ఆ ఎవరో తనే.

అక్కకి ఫోన్ చేశాడు.

"రోజూ వెళ్ళి ఆకులు నిమిరావా? దేనికిరా?"

"నిమరడానికి వెళ్ళలేదే. గ్రీన్‌హౌస్‌లోంచి ఆ అమ్మాయి బల్ల కనబడుతుంది. చూస్తూ నిలబడితే చేతులు ఊరుకోవు కదా."

"చేతులకున్న ధైర్యం నోటికుంటే నాకీపాటికి మరదలు వచ్చేది. వెళ్ళి చెప్పు."

"తిడుతుందే!"

"తిట్టించుకో. నీ సిగ్గు కోసం ఆ పిల్ల కష్టం పోగొడతావా?"

అతను పరుగెత్తాడు. పెద్దాయన గదిలో అప్పటికే మాటలు ముగింపుకొచ్చాయి. "ఇక ఈ మొక్క వదిలేయమ్మా," అంటున్నారాయన.

"వదలొద్దు సార్!" గుమ్మంలోంచే అరిచాడు. "తప్పు మొక్కది కాదు, ఈవిడదీ కాదు. ముట్టుకోకూడని ఆకుల్ని రోజూ నిమిరింది నేను. గాయమైందనుకుని అవి కూడా మందు చేసుకుపోయాయి."

"ఎందుకు నిమిరావయ్యా?"

అతను నేలకేసి చూశాడు, కిటికీ బయట వానకేసి చూశాడు, చివరికి ఆమెకేసి చూశాడు. "అక్కణ్ణుంచి ఈవిడ కనబడతారు సార్. నాకు ఈవిడంటే చాలా ఇష్టం. ఆ మాట చెప్పలేక అక్కడ నిలబడేవాణ్ణి."

ఆమె నోరు తెరిచింది. తిట్టబోయిందో నవ్వబోయిందో ఆమెకే తెలియలేదు.

"సరేనమ్మా, కొత్త మొక్కలు పెంచు," పెద్దాయన తీర్పు చెప్పారు. "ఈ అబ్బాయి మాత్రం నీ పని ఛాయలకి రాకూడదు. లెక్కలకి వేరే మనిషిని ఇస్తాను."

"వద్దు సార్," ఆమె గబుక్కున అంది. "నాకు ఈయనే కావాలి."

"దేనికి?"

"ముందు కుండీలు మోయడానికి." ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "తర్వాత... మా నాన్నతో మాట్లాడటానికి."