బురుజు ముందు ఐదుగురు

మహబూబాబాద్ దగ్గరి వ్యవసాయ బావిలో తెల్లవారుజామున ఓ ముసలామె శవం తేలింది. ముఖం గుర్తుపట్టకుండా యాసిడ్ పోశారు. పది గంటల యాభైకి ఆ వార్త ఏజెంట్ ప్రేమ్‌సింగ్ చెవిలోని మైక్రో రిసీవర్‌లో పలికింది.

"లంబాడా మనిషి. పేరు తెలియదు," అన్నాడు చీఫ్ ప్రభాకర్. "ఆమె స్థానంలో సరిహద్దు అవతలి ముఠా పంపిన మనిషి నిలబడుతుంది. పదకొండింటికి బురుజు పేలిపోతుంది. ఆపు."

"జనాన్ని ఖాళీ చేయిస్తే?"

"పసిగట్టి అప్పుడే పేల్చేస్తారు."

జనగామ శివారులోని ఆ బురుజు ఒకప్పుడు రజాకార్లను మూడు రోజులు నిలువరించింది. స్వేచ్ఛకు గుర్తుగా దాన్ని ఈరోజు, పంద్రాగస్టు నాడు, ఫోటో తీసి ప్రపంచానికి లైవ్‌లో చూపాలని ఏర్పాటు. ముందు నిలబడేది ఆనాటి తండా వీరుల కోడళ్లు, ఐదుగురు వితంతువులు. వాళ్లలో ప్రేమ్‌సింగ్ అవ్వ కాళి ఒకతె. కానీ అసిస్టెంట్ వేషంలో రిఫ్లెక్టర్ పట్టుకున్న మనవడికి ఆమెను పలకరించే వీల్లేదు. పైగా ఫోటోగ్రాఫర్ కీర్తన అందరి ముసుగులూ ముక్కు దాకా లాగించింది.

కీర్తన ముఠాలో చేరి మూడేళ్లుగా ప్రభాకర్ విభాగానికి పనిచేస్తున్న డబుల్ ఏజెంట్. అందం, అత్తరు, అబద్ధం ఆమెకు వెన్నతో పెట్టిన విద్యలు.

"ఫోటోకు కళ రావాలి. భుజాల దాకా గాజులు వేసుకోండి," అంటూ పెట్టె తెరిచింది.

"మొగడు పోయినంక మోచేతి మీద గాజులెట్ల ఏస్తం బిడ్డా?" ఓ ముసలామె పెట్టెను నెట్టేసింది. మరో ముగ్గురూ తలలు తిప్పుకున్నారు. ఐదో ఆమె మాత్రం భుజం దాకా ఎక్కించుకుంది.

తండాలో పుట్టిన ఏ వితంతువూ చేయని పని అది. ప్రేమ్‌సింగ్ ఆమె ముసుగు వైపు చూశాడు. అద్దాలు కుట్టిన ఆ ఎర్ర గుడ్డ అతను అవ్వకు కొనిచ్చింది. బావిలో తేలింది ఎవరో తెలిసిపోయింది. ఏడవడానికి టైమ్ లేదు.

ముసుగులు వేయించింది ఎవరు? కీర్తనే. అతను ఆమె చేతిలోని రిమోట్ షట్టర్ లాక్కుని, మణికట్టు పట్టి ఐదో ఆమె పక్కకు ఈడ్చాడు.

"మీరూ నిలబడండి మేడమ్. ఫోటో నేను కొడతా. ఒకటి... రెండు..."

"నొక్కకు! అది నొక్కితే పేలే బాంబు దీని నడుముకే ఉంది!" కీర్తన కెవ్వుమంది. "టైమర్ కూడా... పదకొండుకు!"

ఐదో ఆమె కూలబడింది. "నడుముకు కట్టింది మైకన్నవు గదక్కా! భూపాలపల్లి నుంచి నాటకమని తోల్కొచ్చి నన్నే సంపుతవా?"

పదకొండుకు ఇంకా ఇరవై సెకన్లే. ప్రేమ్‌సింగ్ బెల్ట్ కోసి పక్కనున్న క్వారీ గుంతలోకి విసిరాడు. భూమి అదిరింది. అందరి మీదా మట్టి కురిసింది.

"బావిలోకి తోసింది ఎవరు?" అన్నాడు, కీర్తనకు బేడీలు వేస్తూ.

"నేనే," కీర్తన నవ్వింది. "నీ పేరే కలవరించింది, పాపం."

అతని చేయి పిస్టల్ మీదికి పోయింది. "ప్రాణాలతో కావాలి!" రిసీవర్‌లో చీఫ్ అరిచాడు. చేయి వెనక్కి వచ్చింది.

నలుగురు ముసలమ్మలు మట్టి దులుపుకుని మళ్లీ వరసలో నిలబడ్డారు. "గీమె కాళి గాకపోతే మరి కాళి ఏది బిడ్డా? జర ఆగు, ఆమె వచ్చినంక తియ్యి."

ప్రేమ్‌సింగ్ తన ఫోన్ తీసి క్లిక్‌మనిపించాడు.

"ఫోటో ఎలా వచ్చింది?" అడిగాడు చీఫ్.

"బురుజు చెక్కుచెదరలేదు సార్. స్వేచ్ఛ ఫుల్ ఫ్రేమ్‌లో ఉంది. మనుషులే ఒకరు తగ్గారు."