సింక్లేతికా అనే పిల్లి

స్పెయిన్‌లో వాల్దెరోబ్లే అనే చిన్న ఊరి చౌకులో రెండు వ్యాన్లు పట్టవు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఆ అక్టోబరు గురువారం కొత్తగా వచ్చిన, ఊరూరా తిరిగే లైబ్రరీ పుస్తకాల బండి కుర్రాడికి తప్ప.

రొట్టెల వ్యానులోని అమ్మాయి హారన్ మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు. చివరికి పుస్తకాల బండి తలుపు తెరుచుకుంది. తాటిచెట్టంత పొడుగున్న కుర్రాడు తల వంచుకుని దిగాడు.

"ఏవండీ, ఇది రొట్టెల వ్యాను చోటు."

"బోర్డు లేదే?"

"బోర్డెందుకు? నలభై ఏళ్ళుగా ఇక్కడే ఆగుతోంది."

"నేను ఊళ్ళు తిరగడం మొదలెట్టి నాలుగు రోజులే అయిందండీ. సోరియా నుంచి వచ్చాను. పేరు సతూరియో."

"నేనడిగానా?"

"లేదు. ముందు నా పేరు చెప్పేస్తే తర్వాత మీ పేరు అడగొచ్చు కదా అని."

సరిగ్గా అప్పుడే వాన అందుకుంది. గొడవ మధ్యలో ఆపడం ఆ అమ్మాయికి అలవాటు లేదు. మిగతా గొడవ పెట్టుకోవడానికి పుస్తకాల బండిలోకే ఎక్కింది. ఎక్కగానే బల్ల మీద లైబ్రరీ సభ్యత్వం ఫారాల కట్ట కనబడింది. తిట్టబోయిన నోరు టక్కున మూతపడింది.

"ఇది నింపితే పేరు రాసిన కార్డిస్తారా?"

"ఫొటోతో సహా."

ఆమె ఫారం లాక్కుని గబగబా రాసింది. పేరు: రెయెస్.

"గుర్తింపు కార్డు చూపించండి."

"ఇంట్లో ఉంది."

"ఇల్లెక్కడ?"

"చాలా దూరం."

ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే ఎదురింటి బాల్కనీలోంచి ఒక ముసలి గొంతు చౌకు దద్దరిల్లేలా అరిచింది. "సింక్లేతికా! ఒసే సింక్లేతికా! రొట్టెలు తడిసిపోతున్నాయే!"

అమ్మాయి మెడ కూడా తిప్పలేదు. ఆ పేరుకి ఒక్క పిలుపుకే పలకడం పదో ఏటే మానేసింది.

"ఎవరినో పిలుస్తున్నారు" అన్నాడు సతూరియో.

"పిల్లిని. మా అమ్మమ్మ పిల్లి."

"పిల్లి రొట్టెలు సర్దుతుందా?"

"తెలివైన పిల్లి" అనేసి వానలోకి పరిగెత్తింది.

ఆ ఊళ్ళో పిల్లలకి పేర్లు తల్లిదండ్రులు పెట్టరు, కాలెండరు పెడుతుంది. నూరేళ్ళ కిందట ఊళ్ళో సగం మందికి ఒకటే ఇంటిపేరు. ఒకరి ఉత్తరాలు ఇంకొకరి ఇంటికి చేరి కాపురాలు కూలిపోతుంటే, ఊరి గుమస్తా ఒకాయన పునీతుల కాలెండరు తెరిచాడు. ఏ రోజు పుడితే ఆ రోజు పునీతుడి పేరు. ఉత్తరాలు సరిగ్గానే చేరాయి గానీ, ఆ పేర్లు మోసేవాళ్ళ బతుకు మాత్రం నవ్వులపాలైంది. అమ్మమ్మ ఒనెసీఫోరా, మేనమామ ఎర్మొలావో. ఈ అమ్మాయేమో జనవరి ఐదో తారీకు పొద్దుగూకే వేళ పుట్టింది. పదహారు వందల ఏళ్ళ కిందట ఆస్తంతా పంచిపెట్టి, ఈజిప్టులో ఒక సమాధిలో తపస్సు చేసుకున్న సింక్లేతికా రోజది. మర్నాడు బాలయేసుని చూడవచ్చిన ముగ్గురు రాజుల పండుగ. ఆ కాస్తసేపు ఓపిక పట్టి ఉంటే రెయెస్ అని రాజుల పేరు, చిన్నది, ముద్దొచ్చేది, వచ్చి ఉండేది.

బుర్గోస్ పట్నం బళ్ళో మొదటిరోజు ఆ పేరు విని టీచరు దగ్గుమందు అనుకుంది. ఆసుపత్రిలో ఆ పేరు పిలిస్తే హాలంతా తిరిగి చూస్తుంది. ఇరవయ్యారేళ్ళు భరించి, చివరికి పేరు మార్చుకోవడానికి జనవరి ఎనిమిదిన రిజిస్ట్రారు దగ్గర టైము తీసుకుంది. కాని ఒక చిక్కు. నలుగురూ తనని నిజంగా రెయెస్ అనే పిలుస్తున్నారని రుజువు చూపించాలి. ఊళ్ళో ఉన్న అరవైమందిలో ఒక్కరంటే ఒక్కరు పిలవరు. అందుకే ఆ కార్డు మీద అంత ఆశ.

పుస్తకాల బండి రెండు వారాలకొకసారి వచ్చేది.

"రెయెస్, గుర్తింపు కార్డు తెచ్చావా?" అనేవాడు. ఎప్పుడు మీరు కాస్తా నువ్వు అయిందో ఇద్దరికీ గుర్తులేదు.

"మర్చిపోయాను."

"అయితే కార్డు లేదు. పుస్తకం మాత్రం నా పేరు మీద తీసుకెళ్ళు." అని ఒకటి చేతిలో పెట్టేవాడు. వెంటనే చాలా సీరియస్‌గా అడిగేవాడు, "సింక్లేతికా ఎలా ఉంది?"

"ఎవరు? ఆఁ... పిల్లా? బాగానే ఉంది."

"పాలు తాగుతోందా?"

"తాగుతోంది."

"దాని పేరు కంప్యూటర్లో సర్కారువాళ్ళ పేర్ల లెక్కలో కొట్టి చూశాను. దేశం మొత్తం మీద కనీసం ఇరవైమంది లేకపోతే అంకె కూడా చూపించరట. చూపించలేదు."

"పిల్లులని లెక్కపెట్టరులే."

"అరుదైన పిల్లి. గీరుతుందా?"

"తెలియనివాళ్ళనైతే రక్కేస్తుంది" అని ఆమె ఎర్రబడ్డ మొహాన్ని పుస్తకంలో దాచుకునేది.

డిసెంబరు వచ్చేసరికి ఆ చౌకులో రెండు వ్యాన్లూ చక్కగా పట్టడం మొదలుపెట్టాయి. ఎలా పట్టాయో ఊళ్ళో ఎవరికీ అంతుపట్టలేదు. గురువారం తెల్లారితే ఆమెకి కాళ్ళు నేలమీద ఆగేవి కావు. ఆ వెంటే గుండెలో ఒక ముల్లు. అతను నవ్వేది రెయెస్‌ని చూసి. సింక్లేతికా అని తెలిస్తే? అబద్ధం చెప్పిందని తెలిస్తే?

అయినా సెలవుల ముందు చివరి గురువారం ధైర్యం కూడదీసుకుని అడిగేసింది. "కార్డు ఎలాగూ ఇవ్వవు. నన్ను రెయెస్ అని పిలుస్తున్నావని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తావా? ఎందుకని మాత్రం అడక్కు."

సతూరియో మొదటిసారి నవ్వలేదు.

"జనవరి ఐదో తారీకున తెచ్చిస్తాను."

"ఆ రోజు పుస్తకాల బండి రాదు. సెలవులు."

"నాకు కారుంది."

ఐదో తారీకు బేకరీలో ఊపిరి పీల్చుకునే తీరిక లేదు. రాజుల పండుగకి ప్రతి ఇంటికీ ఉంగరంలా గుండ్రంగా చేసే రోస్కోన్ కేకు ఉండాల్సిందే. ఎర్మొలావో మావయ్య పొయ్యి దగ్గర చెమటలు కక్కుతున్నాడు. ఆమె ఆర్డర్ల చిట్టా చూసి డబ్బాల మీద పేర్లు రాస్తోంది. చిట్టా చివర చెయ్యి ఆగిపోయింది.

సింక్లేతికా, ఒకటి. దాని కింద సింక్లేతికా, ఇంకొకటి.

"మావయ్యా! పుట్టినరోజునాడు కూడా నన్ను ఆటపట్టించాలా?"

"నాకేం తెలుసే! ఫోన్లో అలాగే చెప్పారు."

"ఎవరు?"

"ఎవరో ఇద్దరు ముసలమ్మలు."

తలుపు గంట మోగింది. సతూరియో లోపలికొచ్చాడు. అతని కుడిచేతిని తొంభయ్యొక్కేళ్ళ అవ్వ, ఎడమచేతిని డెబ్బై దాటిన బొద్దావిడ పట్టుకున్నారు. వాళ్ళ వెనక, తీరా చూస్తే, శాలువా కప్పుకుని అమ్మమ్మ ఒనెసీఫోరా.

"సింక్లేతికా పేరు మీద రోస్కోన్ ఉండాలమ్మా" అంది పెద్దావిడ.

"నాది కూడా అదే పేరు" అంది బొద్దావిడ గర్వంగా.

అమ్మాయి చేతిలో కలం కింద పడింది.

"నలభై రెండు ఊళ్ళు తిరుగుతాను" అన్నాడు సతూరియో. "ఆగిన చోటల్లా అడిగాను. ఇద్దరే దొరికారు. ఈ పేరుగల ఇంకో మనిషిని వీళ్ళు ఇదివరకెప్పుడూ చూడలేదట."

పెద్దావిడ బల్ల దాటి వచ్చి, అమ్మాయి గడ్డం పట్టుకుంది. "తొంభయ్యొక్కేళ్ళు ఈ పేరు ఒక్కదాన్నే మోశాను తల్లీ. దేవుడు ఒక్కసారి చేసి, తప్పు తెలుసుకుని మానేశాడనుకున్నాను. ఎంత చక్కగా ఉన్నావే! ఈ పేరు ఇంత అందంగా కూడా ఉంటుందా?"

అమ్మాయికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ముక్కు తుడుచుకుంటే పిండి అంటింది. "మీకు... ఎవరు చెప్పారు?" అంది సతూరియోతో. నువ్వు కాస్తా మళ్ళీ మీరైపోయింది.

"మొదటి వారమే మీ అమ్మమ్మగారిని పిల్లి బాగుందా అని అడిగాను."

"నాకు పిల్లి పడదు, తుమ్ములొస్తాయి అన్నాను" అంది అమ్మమ్మ. "ఇంట్లో ఉన్న పిల్లి ఇదొక్కటే, రక్కుతుంది జాగ్రత్త అని కూడా చెప్పాను."

"మూడు నెలలుగా తెలిసి కూడా..."

"నువ్వే చెప్తావని చూశాను" అన్నాడు. కోటు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. "ఇదిగో నువ్వడిగింది. నిన్ను రెయెస్ అని పిలిచానని రాశాను. పిలిచాను, అబద్ధం కాదు. సంతకం కూడా ఉంది. ఎనిమిదో తారీకున నీకేది ఇష్టమైతే అది చెయ్యి. పేరు మార్చుకున్నా నాకేం ఫరవాలేదు. కానీ..."

"కానీ?"

"ఆ పిల్లిని మాత్రం నాకిచ్చెయ్యి. అదంటే నాకు ప్రాణం."

పొయ్యి దగ్గర మావయ్య గట్టిగా దగ్గాడు. బొద్దావిడ చప్పట్లు కొట్టింది. "మన పేరు పునీతురాలి రోజే మన పేరు పండుగ. అది ఎవరిదైతే వాళ్ళే నలుగురికీ తినిపించాలి. తాగడానికి చాక్లెట్ కాచవే పిల్లా!" అని కేకేసింది. "అది నీ పండగ కూడా కాదుటే?" అంది అమ్మమ్మ ఆవిడతో. "ముగ్గురం ఉన్నాం, అందరిలో చిన్నది తనే!" అంది బొద్దావిడ.

అమ్మాయి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఏప్రాన్ జేబులో వేసుకుంది. అదే జేబులోంచి పిండి కొట్టుకుపోయిన గుర్తింపు కార్డు తీసి అతని ముందు పెట్టింది.

"నాకు లైబ్రరీ కార్డు కావాలి."

అతను ఆ గుర్తింపు కార్డు ఊది, చూసి, పెదవి కొరుక్కున్నాడు. "ఫొటోలో ఇంత కోపమేంటి?"

"కౌంటర్లో ఆవిడ నా పేరు మూడుసార్లు గట్టిగా పిలిచింది."

"మరి ఎనిమిదో తారీకు?"

"రొట్టెలు ఎవరు పంచుతారు? నాకు కుదరదు."

"పెళ్ళి ఎప్పుడైనా చేసుకోండర్రా" అంది అమ్మమ్మ గోడమీద కాలెండరు చూస్తూ, "బిడ్డని మాత్రం ఇది చూసుకుని కనండి."

"అమ్మమ్మా!" అని ఆమె రోస్కోన్ డబ్బాలు తీసుకుని లోపలి గదిలోకి పారిపోయింది.

సతూరియో గొంతు సవరించుకున్నాడు. ఇన్నాళ్ళూ పిల్లికి దాచిపెట్టిన పేరుని, ఒక్క అక్షరం మింగకుండా, నిండుగా పిలిచాడు.

"సింక్లేతికా!"

"ఆఁ?" అని బేకరీలో మూడు గొంతులు పలికాయి. అందరికంటే ముందు పలికింది లోపలి గదిలోంచి.