ఒకే కంప్యూటరుకు రెండు లైన్లు

శారమ్మ మెట్లెక్కి వచ్చేసరికి ఆమె చీర మోకాళ్ళదాకా తడిసి ఉంది. మోస్రా నుంచి రెండు బస్సులు మారి నిజామాబాదు చేరింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నా కొడుకును మళ్ళ ఠాణాకు రమ్మన్నరమ్మా. ఈసారి పోతే ఇడువరంట," అంది.

లింబయ్య ఆమెకు తువ్వాలిచ్చి, రేణుకమ్మ వైపు చూశాడు. రేణుకమ్మ ఇరవై రెండేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసింది. చివరి మూడేళ్ళు ఇంటర్నెట్ విభాగంలో ఉండి, ఉద్యోగం వదిలి ఈ డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. అక్కడే లైన్‌మన్‌గా ఉన్న లింబయ్య ఆమె వెంటే వచ్చేశాడు. ఎదుటి మనిషి గొంతును బట్టే ఆమె అబద్ధాన్ని పట్టేస్తుందని అతని నమ్మకం.

శారమ్మ చెప్పింది ఇదీ. ఆమె కొడుకు హనోకూ, వర్ని దగ్గర, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల క్యాంపులో ఉండే చెంచులక్ష్మీ బోధన్‌లో కలిసి డిగ్రీ చదివారు. పూణెలోని ఒక చక్కెర టెక్నాలజీ కాలేజీలో చెంచులక్ష్మికి సీటొచ్చింది. జాబితాలో ఆమె తర్వాతి పేరు హనోకుది; ఆమె వద్దంటే ఆ సీటు అతనికొస్తుంది. చేరడానికి గడువు ముగిసే రోజు సాయంత్రం నాలుగూ పన్నెండుకి "నాకు ఈ సీటు వద్దు" అని చెంచులక్ష్మి పేరుతో కాలేజీకి మెయిలు పోయింది. అది ఆమె రాయలేదు. మెయిలు వెంట ఉన్న నంబరును బట్టి ఆరా తీస్తే, అది హనోకు సెల్‌ఫోను నెట్ నుంచి పోయిందని తేలింది.

"ఆ దినం ఫోను వాడి తాన లేదమ్మా. పొద్దుగాల్ల గా పిల్లోళ్ళింట్ల ప్రింటరు బాగుచేయ పోయిండు. మా ఊర్ల కరెంటు ఉండదని ఫోనూ, దాని వైరూ ఆడనే చార్జింగుకు పెట్టి, పొద్దుగూకినంక తెచ్చుకున్నడు. ఐదింటికి నేను ఎస్టీడీ బూతుల నుంచి ఫోన్ కొడితే గా ఇంటి పెద్దమ్మనే ఎత్తింది. తల్లి మాట ఎవలు నమ్ముతరు?"

"నేను ఇంటా," అంది రేణుకమ్మ. "కూసో."

*

క్యాంపులో చెంచులక్ష్మి అన్న చెన్నకేశవరావు ఇల్లు పెద్దదే. తండ్రి పోయాక చెరకూ వరీ అతనే చూస్తున్నాడు. చెల్లెలి కన్నా పదకొండేళ్ళు పెద్ద. హాల్లో కిటికీ పక్కన కంప్యూటరు మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పి ఉంది.

"పాపం, వాళ్ళమ్మ బాధ నాకర్థమవుతుందండీ," అన్నాడు మర్యాదగా. "కానీ హనోకు మూడింటికే వచ్చి ఫోను పట్టుకెళ్ళాడు."

"మెయిలు పోయిన టైముల మీరేం చేస్తున్నరు?"

"మస్కట్‌లో ఉన్న మా మేనమామతో నెట్‌లో మాట్లాడుతున్నాను. పావు తక్కువ నాలుగు నుంచి నాలుగూ నలభై దాకా. ల్యాండ్‌లైను బిల్లు చూసుకోండి. ఇంట్లో కంప్యూటరు ఒక్కటే. అది ల్యాండ్‌లైను మీదుంటే ఇంకో ఫోనుతో ఎలా పనిచేస్తుంది? ఒకటి పెడితే రెండోది తెగిపోతుంది. ఎస్సైగారు కూడా ఒప్పుకున్నారు."

చెంచులక్ష్మి కళ్ళు వాచి ఉన్నాయి. "మధ్యలో నేనూ మామయ్యతో మాట్లాడానండీ. అన్నయ్య కుర్చీలోంచి లేవలేదు. హనోకు ఇలా చేస్తాడని నేననుకోలేదు."

"మామయ్య మాట మధ్యల తెగిందా?"

"లేదు. పక్కనున్నట్టే వినిపించింది."

వాళ్ళ తల్లి హనుమాయమ్మ వంటింట్లోంచి టీ తెచ్చింది. కొడుకు తెలివి గురించి అడిగితే ఆవిడ ముఖం విప్పారింది. "పోయిన నెల మా ఫోను చెడిపోతే హనోకే కంప్యూటరుకు తన ఫోను తగిలించి నెట్ పెట్టాడమ్మా. లైను బాగయ్యాక కూడా మావాడు అడిగి తెచ్చుకునేవాడు. ఒకదాంట్లో మా తమ్ముడితో మాట్లాడుతూనే ఇంకోదాంట్లో పాటలు దించేవాడు. అంత చురుకు."

చెన్నకేశవరావు టీ కప్పు కింద పెట్టాడు. రేణుకమ్మ ఏమీ వినబడనట్టు టీ బాగుందంది.

తిరుగుదారిలో మోస్రా సబ్‌స్టేషన్ దగ్గర ఆగి, ఆ రోజు రిజిస్టరు చూపించమని అడిగింది. మధ్యాహ్నం రెండు నుంచి ఆరుదాకా కరెంటు లేదు. హనోకు పనిచేసే బోధన్ కంప్యూటర్ సెంటరు కూడా ఆ రోజు యజమాని ఇంట్లో చావు వల్ల మూసే ఉంది.

"గా ఫోనుది నలుపు తెలుపు తెర," అంది లింబయ్యతో. "దాంతోని మెయిలు రాయలేం. కంప్యూటరు ఉండాలె. మరి పోరనికి ఏడిది కంప్యూటరు?"

*

మూడో రోజు ఉదయం అందరూ అదే హాల్లో కూర్చున్నారు. ఎస్సై, హనోకు, శారమ్మ, ఆ ఇంటి ముగ్గురూ. హనోకు తలెత్తలేదు. రెండుసార్లు ఠాణాకు వెళ్ళొచ్చిన మనిషి, కుర్చీ అంచున కూర్చున్నాడు.

లింబయ్య ల్యాండ్‌లైను తీగ పెట్టి నెట్ కలిపాడు. తెర మూలన చిన్న బొమ్మ ఒకటి వెలిగింది. తర్వాత హనోకు ఫోను వైరు గుచ్చి దాన్నీ కలిపాడు. మొదటి బొమ్మ ఆరిపోలేదు. దాని పక్కన రెండోది వెలిగింది.

"ఒకటి పెడితే ఇంకోటి తెగుతదన్నరు," అంది రేణుకమ్మ. "తెగలేదు. మామూలుగా రెండు లైన్లు కలిపినా కంప్యూటరు ఒక్కదాన్నే వాడుకుంటది. కానీ ఫలానా నంబరుకు పొయ్యేటివన్నీ రెండో లైన్ల పోవాలె అని దానికి చెప్పొచ్చు. చెప్పిన దారుల జాబితా గిదే, సార్."

ఎస్సై వంగి చూశాడు.

"గీ ఒక్క నంబరు చెంచులక్ష్మి మెయిలు కంపెనీది. గది ఫోను లైనుకు మళ్ళించి ఉంది. మిషను ఆర్పినా మర్చిపోకుండ ఉండాలని గుర్తు పెట్టిండ్రు. ముందే ఒకసారి సరిచూసుకున్నరన్నట్టు. పని అయినంక తుడుసుడు మరిచిండ్రు. మామయ్య మాట ల్యాండ్‌లైన్ల నడుస్తనే ఉంది. మెయిలు ఇంకో దారిన పోయింది. అందుకే మాట తెగలే."

"హనోకే పెట్టి ఉండొచ్చుగా!" అన్నాడు చెన్నకేశవరావు. గొంతు కొంచెం పైకి లేచింది.

"నాలుగూ పన్నెండుకు గీ కుర్చీల కూసున్నది నువ్వు. లేవలేదని నీ చెల్లెలే చెప్పింది. ఆమె మెయిలు ఖాతా తెరిచిచ్చింది కూడ నువ్వేనంట, దాని పాస్‌వర్డు నీకెరుకే." రేణుకమ్మ హనుమాయమ్మ వైపు తిరిగింది. "పెద్దమ్మా, ఒక్కటే అడుగుత. ఆ దినం ఐదు గంటలకు హనోకు ఫోను ఎత్తింది ఎవరు?"

హనుమాయమ్మ కొడుకు వంక చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు, చాలా చిన్నగా. లింబయ్యకు ఆ క్షణంలో ఆవిడను చూడాలనిపించలేదు.

"నేనే ఎత్తాను," అందావిడ. "పిల్లాడింకా రాలేదని చెప్పాను. తర్వాత కేశవ ఆ మాట ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఎందుకో నాకు తెలీదమ్మా." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎందుకన్నయ్యా?" అంది చెంచులక్ష్మి.

"నాకూ వచ్చింది సీటు," అన్నాడతను నేల చూస్తూ. "నాన్న పోయిన ఏడాది. వెళ్ళరా అని ఒక్కళ్ళూ అనలేదు. ఆ కాగితం ఏమైందని కూడా ఎవరూ అడగలేదు. నువ్వు పెట్టె సర్దుకుంటూ పాటలు పాడుతుంటే... ఈ బురదలో నేనొక్కణ్ణేనా అనిపించింది."

"నన్ను ఉండమని అడగాల్సింది. అడిగితే నేను ఆగిపోయేదాన్ని."

అతను ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

ఎస్సై కాగితం ముందుకు జరిపి ఫిర్యాదు ఎవరు రాస్తారని అడిగాడు. శారమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది. "వద్దు బిడ్డా. మనం ఈ దిక్కునే బతకాలె." హనోకు కదల్లేదు. చెంచులక్ష్మి లేచి కలం తీసుకుంది. తల్లి ఏడుస్తుంటే, అన్న పేరు మొత్తం, ఇంటిపేరుతో సహా రాసి సంతకం పెట్టింది. తర్వాత హనోకు దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఠాణాల నా పేరు ముందుగాల చెప్పింది నువ్వేనంట," అన్నాడు హనోకు. "మూడేండ్లు ఒక్క బెంచీ మీద కూసున్నం."

*

రెండు వారాల తర్వాత కాలేజీ నుంచి హనోకుకు ఉత్తరం వచ్చింది. జరిగినదానికి విచారమనీ, సీటును జాబితాలో అతని తర్వాతి విద్యార్థికి ఇచ్చేశామనీ, ఇప్పుడు మార్చలేమనీ రాశారు. ఆ ఉత్తరం పట్టుకుని హనోకు ఆఫీసుకు వచ్చాడు. కంప్యూటర్ సెంటర్లో కూడా అతన్ని మళ్ళీ తీసుకోలేదు.

"నిప్పు లేంది పొగ రాదంటున్నరు మేడం. పూరా కథ చెప్పబోతే ఇనే టైము ఎవలకీ లేదు. నేను చెయ్యలేదని మీరొక కాగితం రాసియ్యరా? ఎవరడిగినా సూపిస్త."

రేణుకమ్మ లింబయ్యను టైపు చేయమనలేదు. తనే కూర్చుని రాసింది, కింద సంతకం చేసి ముద్ర వేసింది. హనోకు అక్కడే నిలబడి ప్రతి అక్షరం చదివాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకుని గుమ్మందాకా పోయి, మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"ఇంకో నాలుగు కాపీలియ్యుండ్రి మేడం," అన్నాడు. "శానామంది అడుగుతరు."