అడ్డకొయ్య కింద కుందేలు

మీరు ఏ వేషమైనా వేసుకుని నా ముందు నిలబడండి. లోపలున్నది ఎవరో కనురెప్ప వాల్చకుండా చెప్పేస్తాను. గొప్పలు కావు, ఉన్న మాటే. నేను బడికి వెళ్ళే రోజుల్లో ఒకసారి ఇన్‌స్పెక్టరు మేకల కాపరిలా గొంగడి కప్పుకుని, మందను తోలుకుంటూ తనిఖీకి వచ్చాడు. పంతులుగారు సైతం "అవతలికి పోవోయ్" అని అదిలిస్తే, "దండాలండీ ఇన్‌స్పెక్టరుగారూ" అన్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఆయన కంటే ముందు మేకలు సిగ్గుపడ్డాయి. అవీ నా కళ్ళు. ఈ సంగతి కొంగున ముడేసుకుని కథలోకి రండి.

మా మనవడు పళ్ళ డాక్టరు. పిల్లలకి వాడంటే హడల్, వాడికి పిల్లలంటే ప్రాణం. అక్క కూతురి పుట్టినరోజుకి "పులినై వస్తానే, నిన్ను వీపు మీద ఎక్కించుకుని పార్కంతా తిప్పుతా" అని నోరు జారాడు. జారిన నోటికి తగ్గట్టు పులి వేషం కూడా తెచ్చుకున్నాడు. తోక, మీసాలు, చారలు అన్నీ కొన్నవే. కోరలు మాత్రం తనే చెక్కుకున్నాడు. వృత్తి అలాంటిది.

పార్కు గేటు దగ్గర ఒక బోర్డు ఉంది: "పద్నాలుగేళ్ళు దాటినవారు వేషంతో లోపలికి రాకూడదు." పుట్టిన తేదీ కాగితాలు జేబులో పెట్టుకుని పార్కుకి ఎవరొస్తారు? అందుకని అక్కడి మేనేజరు తెలివిగా ఒక చారల కొయ్యని అడ్డంగా బిగించాడు. వేషంలో ఉన్నవాళ్ళు దాని కింద నుంచి నడవాలి. వంగకుండా దాటితే పిల్లల కింద లెక్క, నెత్తి తగిలితే పెద్దల కింద లెక్క. చెవులూ కిరీటాలూ లెక్కలోకి రావు.

మావాడికి నెత్తి కాదు, ఛాతీ తగిలింది.

"ఆగండి," అంది గేటు దగ్గర నిలబడ్డ అమ్మాయి.

"గాండ్ర్!" అన్నాడు వీడు.

"గాండ్రిస్తే గేటు తెరుచుకోదండీ. వయసెంత?"

"పులుల వయసు అడక్కూడదండీ."

"పులులకి టికెట్టూ ఇవ్వకూడదు. వేషం తీసి రండి."

"పుట్టినరోజు పిల్లండీ! ఎదురుచూస్తోంది. ఒక్కరోజుకి ఆ కొయ్య కాస్త పైకెత్తితే మీ సొమ్మేం పోయింది?"

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "లోపల మావాళ్ళు వేషం వేసే ఏనుగు ఉంటుంది, కోతి ఉంటుంది. పిల్లలు వాటిని నమ్మి చెయ్యి పట్టుకుని నడుస్తారు. రేపు ఎవడో మీలాగే వేషం వేసుకొచ్చి ఒక పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి నడిపించుకుపోతే? ఆ పిల్ల ఏడవదండీ. నవ్వుతూ వెళ్ళిపోతుంది. నేనెలా కనుక్కోను?"

మావాడు కొయ్యబారిపోయాడు. మొదటి షాకు వాడిది.

రెండోది ఆ అమ్మాయిది. వాడు బుద్ధిగా జిప్పు లాగాడు. లోపల చిల్లుల బనీను, మోకాళ్ళ పైకి నిక్కరు!

"అమ్మో!" అంటూ అటు తిరిగిపోయింది. "ఏంటండీ ఇది?"

"ఉక్కపోతండీ. పులులు లోపల చొక్కా వేసుకుంటాయా?"

నవ్వు ఆపుకోలేక, పోయిన వస్తువుల గదిలోంచి ఎవరో మర్చిపోయిన చొక్కా తెచ్చి చేతికిచ్చింది. పసుపు రంగు మీద అరచేతులంత పూలు. "ఇది తెచ్చిస్తే మీ పులిని మీకిస్తా," అంది. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. పులి గేటు దగ్గర మిగిలింది, పూలతోట తడుస్తూ లోపలికి వెళ్ళింది.

ఆ చొక్కా తిరిగివ్వడానికి మావాడు ప్రతి ఆదివారం వెళ్ళేవాడు. ప్రతి ఆదివారం చొక్కా ఇంట్లో మర్చిపోయేవాడు. పళ్ళ డాక్టరుకి మతిమరుపు ఎక్కడిదో నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

ఒకసారి పిల్లి మీసాలు గీసుకుని వెళ్ళాడు. "మీసాలు వేషమవుతాయా, కొలబద్దగారూ?" అప్పటికే ఆ అమ్మాయికి పేరు పెట్టేశాడు.

"మీసాలు ఫరవాలేదు. వెళ్ళండి."

ఇంకోసారి ప్యాంటు వెనక తోక తగిలించుకున్నాడు. "తోక?"

"తోక ఉంటే వేషమే. ఇటివ్వండి." తోక కూడా జప్తు అయింది.

మరో ఆదివారం ఏమీ తగిలించుకోకుండా వెళ్ళి నిలబడ్డాడు. "ఇవాళ వేషం లేదండీ. ఇది నేనే. మీరంటే నాకు ఇష్టం."

 ఆ అమ్మాయి కొయ్య పట్టుకుని మెల్లగా అంది. "మా ఇంట్లో అమ్మా నేనే. ఈ ఉద్యోగమే మాకు ఆధారం. గేటులో ఒక్క తప్పు కూడా లేకుండా ఈ నెల గడిస్తే పర్మనెంట్ చేస్తామన్నారు. అప్పటిదాకా నా మనసు పాడుచేయకండి."

"పాడవుతోందా?"

"కొంచెం," అంది. అని వెంటనే, "లైను ఆగిపోయింది, జరగండి!" అని కసిరింది.

మావాడు ఇంటికొచ్చి ఇదంతా చెప్పాడు. మా ఇంటావిడ, అంటే వాడి నాయనమ్మ, చెంపన చెయ్యి పెట్టుకుని వింది. "పిల్లని నేను చూడాలి," అంది.

"నెల గడవనీ నాయనమ్మా. పెద్దవాళ్ళు దిగితే బెదిరిపోతుంది."

"బెదిరిపోతుందనే అంటున్నా. చూడ్డానికొచ్చామని తెలిస్తే ఎవరైనా తల వంచుకుని మర్యాదగా కూర్చుంటారు. అదీ వేషమే. ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు ఎలా ఉంటుందో అదీ మనిషి."

ఆ వారమంతా ఇంట్లో కుట్టుమిషను చప్పుడు. "ఏం కుడుతున్నావే?" అంటే "మీకెందుకు?" అని జవాబు. ఆదివారం రాగానే, "నేను మా చెల్లెలింటికి వెళ్తున్నా. మీరు వెళ్ళి దూరంనుంచి ఆ పిల్లని చూసి రండి," అని నన్ను తరిమింది.

వెళ్ళాను. గేటులో అమ్మాయిని చూశాను. ముక్కుసూటి పిల్ల, కళ్ళల్లో నవ్వు. నచ్చింది. లోపల ఒక బెంచీ మీద ఐస్‌క్రీము పట్టుకుని కూర్చున్నాను.

కాసేపటికి ఒక కుందేలు పిల్ల వచ్చి నా పక్కన కూర్చుంది. తెల్లటి ఒళ్ళు, ఊదారంగు చెవులు, మొహమంతా ముసుగు. వేషంలో ఉంది గనక అడ్డకొయ్య కింద నిటారుగా నడిచి వచ్చిన పిల్లే. పక్కన పెద్దవాళ్ళెవరూ లేరు.

"ఎవరమ్మాయివే?" అన్నాను.

కుందేలు తల ఊపింది. సిగ్గనుకున్నాను. ఐస్‌క్రీము ఇంకొకటి కొనిచ్చాను. అటు తిరిగి ముసుగు కాస్త ఎత్తుకుని తిన్నది.

"తిను తిను. మా ఆవిడకి మాత్రం చెప్పకు. డాక్టరు నాకు తీపి వద్దన్నాడని రోజూ కాపలా కాస్తుంది. ఆవిడ నిద్రపోగానే చక్కెర డబ్బా నాదే!"

కుందేలుకి పొలమారింది. వీపు నిమిరాను.

"మా ఆవిడకి నోరు పెద్దది గానీ మనసు మంచిదేలే. వంట అంటావా, ఉప్పు వేసిందో లేదో ఆవిడకే తెలియదు." కుందేలు నా మోచేతిని గిల్లింది. ముద్దుగా గిల్లిందనుకుని మురిసిపోయాను.

ఎంతకీ ఎవరూ రాలేదు. పాపం, తప్పిపోయిన పిల్ల! పెద్దమనిషిగా నా బాధ్యత గుర్తొచ్చింది. చెయ్యి పట్టుకుని లేవదీశాను. కుందేలు వెనక్కి లాగింది. నేను ముందుకి లాగాను. కాళ్ళు తన్నింది. ఎలాగో గేటు పక్కనున్న ఆఫీసు గదికి చేర్చి, "తప్పిపోయిన పిల్లండీ, అప్పగిస్తున్నా," అన్నాను గర్వంగా.

మేనేజరు అక్కడే ఉన్నాడు. గేటు అమ్మాయి పరుగెత్తుకొచ్చి, కుర్చీ ఉన్నా కుర్చీలో కూర్చోకుండా, కుందేలు ముందు నేల మీద చతికిలబడింది. రెండు చేతులూ పట్టుకుంది.

"ఎవరితో వచ్చావు బంగారూ? అమ్మతోనా? భయం లేదు. వాళ్ళు వచ్చేదాకా నేను నిన్ను వదలను, సరేనా? నేనూ చిన్నప్పుడు ఒకసారి తప్పిపోయా. ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్ళొచ్చాయి. నువ్వు నాకంటే ధైర్యం."

కుందేలు నోరు విప్పలేదు. ఊదా చెవులు మాత్రం వణికాయి.

"ముసుగు తీయండి. మొహం తెలిస్తే మైకులో చెప్పొచ్చు," అన్నాడు మేనేజరు.

"లాగకండి సార్, బెదిరిపోతుంది."

"ఇంకెంతసేపు?" అని ఆయనే ముసుగు పైకి లాగాడు.

తెల్లజుట్టు ముడి. కళ్ళజోడు. మూతికి ఐస్‌క్రీము.

మా ఇంటావిడ!

నా గుండె జారి మోకాళ్ళ దగ్గర ఆగింది. మేనేజరు ముసుగుతో సహా కుర్చీలో కూలబడ్డాడు.  అప్పుడు చూశాను, ఆ ఊదా చెవులు నేను ఏళ్ళ తరబడి తల పెట్టుకుని పడుకున్న దిండు గలీబు! ఆ తెల్లటి ఒళ్ళు నా దుప్పటి! మేకల మధ్య ఇన్‌స్పెక్టరుని పట్టిన కళ్ళకి కట్టుకున్న పెళ్ళామూ ఆనలేదు, కప్పుకున్న దుప్పటీ ఆనలేదు.

"చక్కెర డబ్బా సంగతి ఇంటికెళ్ళాక," అంది ఆవిడ ముందుగా నాతో.

మేనేజరు కుర్చీలోంచి లేచాడు. "డెబ్బై ఏళ్ళావిడ! వేషంతో! ఎవరు పంపారు లోపలికి?"

అమ్మాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. నెల గడవడానికి ఇంకెంతో లేదు. ఏదో అబద్ధం ఆడుతుందని లోపల అనుకున్నా. నేనైతే అప్పటికే ఒకటి తయారుచేశాను, లోపలికొచ్చాక నీళ్ళలో తడిసి కుంచించుకుపోయిందని.

"నేనే సార్," అంది.

"కొయ్య కింద నుంచేనా? వంగలేదా?"

"సార్, అదీ..."

"వంగడమా?" మా ఆవిడ అందుకుంది. "ఈ మోకాళ్ళు వంగుతాయా నాయనా? కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. మా పుట్టింట్లో అందరం ఇంతే ఎత్తు. కొయ్య కింద నుంచి వెళ్తే పిల్ల కిందే లెక్క అని రూలు పెట్టిందెవరు?"

"నేనే," అన్నాడు మేనేజరు నీరసంగా.

"మరి ఈ పిల్లనెందుకు అంటావు? నువ్వు పెట్టిన కొయ్యని కాపలా కాయమన్నావు, కాసింది. ఎత్తు చూసి వయసు చెప్పమంటే ఇదిగో, నాలాంటి కుందేళ్ళే వస్తాయి."

అమ్మాయి తల వంచుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు.

సరిగ్గా ఆ క్షణానే మావాడు లోపలికొచ్చాడు. "నాయనమ్మా!" అని అరిచాడు.

అమ్మాయి తలెత్తింది. "మీ నాయనమ్మగారా?" కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. "ఈ ఉద్యోగం నాకేమిటో మీకు చెప్పాను కదండీ. చెప్పాక కూడా ఆట ఆడించారా?"

"అయ్యో, నాకు తెలీదండీ! ఒట్టు!"

"ఇంక గేటు దగ్గరికి రాకండి."

వాడు వెళ్ళలేదు. రావద్దంది గనక వెళ్ళకపోవడమే మర్యాద అనుకున్నాడు. ఆ వారం తిండి లేదు, మాట లేదు. మా ఆవిడ నేరం చేసినదానిలా తిరిగింది, చక్కెర డబ్బా సంగతి కూడా మర్చిపోయింది. అంటే చూడండి ఎంత దిగులో.

మళ్ళీ ఆదివారం. వాన దంచి కొడుతోంది. వసారాలో కూర్చుని ఉంటే, తడిసి ముద్దయిన పులి ఒకటి గుమ్మం ముందు నిలబడింది.

"వచ్చావురా?" అన్నాను. కోరలు చూడగానే గుర్తుపట్టేశా. "పులిని తెచ్చేసుకున్నావా? అంటే చొక్కా ఇచ్చేసి, ఆ పిల్లతో చెల్లు చేసుకుని వచ్చావన్నమాట! ఛీ, నువ్వూ ఒక మగాడివేనా?"

పులి నీళ్ళు కారుస్తూ గుమ్మంలోనే నిలబడింది.

"నిన్న ఎవరిదో బంగారం లాంటి పన్ను పీకబోయావట. రాత్రి అద్దం ముందు నిలబడి 'నాయనమ్మ వస్తుందని నాకు నిజంగా తెలీదండీ, మీరు లేకపోతే నాకు ఆదివారమే లేదండీ' అని ఏడ్చావే, అది అద్దానికి కాదురా చెప్పేది! వెళ్ళి ఆ పిల్లకి చెప్పు!"

"ఎవరితో తాతయ్యా మాట్లాడుతున్నావు?" అంటూ లోపలి గదిలోంచి వచ్చాడు మనవడు. ఒంటి మీద పసుపు పూల చొక్కా.

నేను వాణ్ణి చూశాను. పులిని చూశాను. మళ్ళీ వాణ్ణి చూశాను. ఈసారి గుండె జారలేదు. జారడానికి అలవాటు పడిపోయింది.

పులి తల తీసింది. లోపల తడిసిన జడ, ఏడుపూ నవ్వూ కలిసిన మొహం.

"నిజంగా తెలీదా మీకు?" అంది వాడితో.

వాడు తల అడ్డంగా ఊపాడు. నోరు తెరుచుకునే ఉంది. పళ్ళ డాక్టరు అన్నాళ్ళూ అందరి నోళ్ళూ చూశాడు, ఆ రోజు వాడి నోరు అందరం చూశాం.

"నన్ను పర్మనెంట్ చేశారు. కొయ్య పీకేశారు. ఇప్పుడు ముసుగు తీసి మొహం చూసే పంపుతున్నాం," అని నా వైపు తిరిగింది. "మామ్మగారు నన్ను వేషంలో వచ్చి చూసుకున్నారుగా, నేను మీ ఇల్లు చూసుకోవద్దా? ఇక్కడ వేషాలకి వయసు రూలు ఉందా తాతగారూ?"

"లేదమ్మా, లోపలికి రా," వంటింట్లోంచి మా ఆవిడ తువ్వాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "ఈ ఇంట్లో ఎవరికీ ఇంకా పద్నాలుగు దాటలేదు."

"నా చొక్కా ఇవ్వండి," అంది అమ్మాయి, తల తుడిపించుకుంటూ.

"పులిని ఇస్తేనే," అన్నాడు వాడు.

"తెచ్చానుగా."

"లోపలున్న మనిషితో సహానా?"

 తల మీది తువ్వాలు అవునన్నట్టు ఊగింది. పెళ్ళి ఎండాకాలం రాకముందే చేసేశాం.

ఇదీ కథ. పులి నిజం, చిల్లుల బనీను నిజం, దిండు గలీబు నిజం. మేకల సంగతి మేకల్ని అడగండి. కల్పించింది ఒక్కటే. కుందేలు కొయ్య కింద నిటారుగా నడిచిందన్నాను చూడండి, అది.

నడవలేదు. మోకాళ్ళు వంచింది, ఓ రెండు వేళ్ళంత.

"ఆ పిల్ల చూసిందండీ," అని మా ఆవిడ నాతో రహస్యంగా చెప్పింది. "చూసి మొహం పక్కకి తిప్పుకుంది. మన ఇంటి పిల్ల ఇదే అని నేను అక్కడే అనుకున్నా. నేను గమనించానని తనకి చెప్పకండి, బాధపడుతుంది."

పెళ్ళయ్యాక ఆ అమ్మాయీ రహస్యంగా నాతో అంది. "చూశాను తాతగారూ. మొన్న మొన్ననే వయసు దాటిన పిల్లేమో, ఇదే ఆఖరి కుందేలు వేషమేమో అనిపించింది. నేను తప్పిన రూలు అదొక్కటే. ఆ రోజు సార్‌తో చెప్పబోతుంటే మామ్మగారు చెప్పనివ్వలేదు. నేను చూశానని ఆవిడకి తెలీదు, చెప్పకండి."

ఇద్దరికీ మాటిచ్చాను. అందుకే కథలో మా ఆవిణ్ణి నిటారుగా నడిపించాను. మీరు కూడా అలాగే చెప్పుకోండి.