ఒళ్ళు చేసిన మనవడు

ఆ పొద్దున నీలవేణి రాగిపిండితో చోడిజావ కలుపుతుంటే గరిటె చప్పుడు వీధంతా వినబడింది. కోడలికి కోపం వచ్చిందని అత్త సుభద్రమ్మకి ఎవరూ వేరే చెప్పక్కర్లేదు.

కోపం రాదూ మరి! నరసన్నపేట దగ్గరి ఆ ఊళ్లో, ఆ ఇంటి అరుగు మీదే, మహిళా మండలి తరఫున ఏడాదిగా నీలవేణి పసిపిల్లలకి పాలపొడి కలిపిన జావ పోస్తోంది. పాలపొడి పంపే సేవా సంఘం నుంచి నిన్న పద్మకుమారి వచ్చి, "మీ పిల్లలకి ఏం మేలు జరిగింది? దాతలకి చెప్పాలి" అని తల్లుల్ని అడిగింది. పిల్లాడు ఒళ్ళు చేశాడని పదిమందిలో ఒప్పుకుంటే దిష్టి తగలదూ? అందరూ పిల్లల బొద్దు తొడల మీద కొంగు కప్పేసి, "ఎక్కడమ్మా, ఎప్పటిలాగే ఉన్నారు" అన్నారు. అందరికన్నా ముందు అన్నది సుభద్రమ్మే!

అదంతా దిష్టి భయమని నీలవేణి ఎంత చెప్పినా పద్మకుమారి వినలేదు. "మునుపెలా ఉండేవారో నేను చూడలేదు. జావ పోసేది మీరు, మీ మాట చాలదు. రేపు బస్సెక్కే ముందు తల్లుల్నే మళ్ళీ అడుగుతాను. అప్పుడూ ఇదే మాటయితే పాలపొడి వేరే ఊరికి పోతుంది" అంది.

"ఈనుపుల్లలా ఉన్నాడని సెప్తావా అత్తా? ఎర్రన్నని ఎత్తుకుంటే నీ నడుం పట్టేస్తన్నాది కాదేటి?" అంది నీలవేణి.

"ఒసే, నెమ్మదిగా అను! ఎవులైనా ఇంటారు." సుభద్రమ్మ మనవణ్ణి చీర చాటుకి లాక్కుంది.

"ఇననీ! రేపట్నుంచి పిల్లలేటి తాగుతారు? నీ భయం తాగుతారేటి?"

సుభద్రమ్మ పిల్లాణ్ణి గుండెకి హత్తుకుంది. "నీ పెద్దోడ్ని నేనే సంపుకున్నానే. బుగ్గలు సూడండి, కాళ్ళు సూడండని ఊరంతా తిప్పినాను. నెల తిరక్కుండా పోనాడు. మళ్ళీ ఈ నోటితో అనమంటావేటి?"

నీలవేణి గరిటె వదిలేసింది. ఇన్నేళ్ళూ ఆ బిడ్డ మాట ఇద్దరి మధ్యా రాలేదు.

"ఆడు నీ మాటకి పోలేదు అత్తా. అది ఒళ్ళు కాదు, నీరు. సరైన తిండి లేక నీరు పట్టిందని డాక్టరమ్మ అప్పుడే సెప్పింది. నువ్వు కుమిలిపోతావని దాసినాను. ఈ జావ ఎందుకు మొదలెట్టినాననుకున్నావు?"

సుభద్రమ్మ అరుగు మీద కూలబడి భోరుమంది.

పద్మకుమారి వచ్చేసరికి తల్లులంతా చేరారు. ఆవిడ మళ్ళీ అదే ప్రశ్న వేసింది. వాళ్ళలో లక్ష్మణమ్మ అలవాటుగా "ఎక్కడమ్మా..." అనబోయింది.

"నువ్వుండే!" సుభద్రమ్మ లేచి, కొంగు తీసి, ఎర్రన్నని పద్మకుమారి చేతుల్లో పెట్టేసింది. "ఎత్తుకు సూడమ్మా! మా పెద్దోడు తిండి లేక నీరు పట్టి పోనాడు. అది ఒళ్ళనుకుని మురిసిపోనాను. ఈడిది నిజం ఒళ్ళు. నా కోడలు పోసిన జావతోనే వచ్చింది. పది ఊళ్ళలో సెప్పుకో. దిష్టి తగిలితే నాకు తగలనీ!"

ఒక్కొక్క కొంగే తొలగింది. "మా దాన్ని సూడమ్మా, మావోడ్ని సూడు" అంటూ అందరూ ఒకేసారి మొదలెట్టారు. పద్మకుమారికి రాసుకోడానికి ఒక్క చెయ్యి చాలలేదు.

నీలవేణి మొహం తిప్పుకుని కళ్ళొత్తుకుంటోంది. సుభద్రమ్మ ఆమె భుజం పట్టి దగ్గరికి లాక్కుంది.

"ఏడుపెందుకే పిచ్చితల్లీ? పిల్లలు ఆకలితో ఉన్నారు, జావ పొయ్యి" అంది, తను ఏడుస్తూనే.