క్వేల్ డౌన్‌లో మూడో కర్ర

బంతి రెండు కర్రల మధ్య నుంచి దూరి వెనకాల గడ్డిలో పడింది. కర్రల మీద పెట్టిన అడ్డపుల్ల మాత్రం కదల్లేదు. అప్పట్లో క్రికెట్ వికెట్‌కి కర్రలు రెండే.

"ఔట్!" అని ఎగిరి గంతేసింది కెజియా.

"కాదు," అన్నాను నేను. "పుల్ల పడలేదుగా. నాటౌట్."

ఆ మాట అన్నది నేనేనా అని నాకిప్పటికీ నమ్మకం కుదరదు. ఎందుకంటే ఆ బంతికి ముందు, నా గొర్రెలు తప్ప వినేవాళ్ళు లేరన్న ధైర్యంతో, "నన్ను ఔట్ చేశావంటే నిన్ను పెళ్ళి చేసుకుంటా" అన్నది కూడా నేనే. కెజియా నవ్వలేదు. టోపీ విప్పి పక్కన పడేసి, నా కళ్ళలోకి ఒక్కసారి చూసి మరీ ఆ బంతి వేసింది. అలాంటిది మా మగవాళ్ళ జట్టులోనే ఎవడూ వెయ్యలేడు.

"ఏబెల్ టప్పర్, ఆలోచించే అంటున్నావా?"

"రూలు రూలేగా కెజియా. మధ్యలోంచి పోతే..."

"అయితే ఆ రూలునే కట్టుకో, పో!"

టోపీ కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది. వాన మొదలైంది. నేను ఏం చేశానో అప్పుడు తలకెక్కింది. మెదడు పనిచేసే లోపలే నోరు పనిచేసే రకం నేను.

సాయంత్రం టోపీ పట్టుకుని మైదానం అంచున ఉన్న వాళ్ళ బీరు దుకాణానికి వెళ్ళాను. వాళ్ళ నాన్న లకిన్ గారు గుమ్మంలోనే ఆపేశారు.

"నీ పేరెత్తితే తలుపు వేసుకుంటోంది. ఏం చేశావయ్యా?"

"నాటౌట్ అన్నానండీ."

ఆయన టోపీ అందుకుని, నన్ను ఎగాదిగా చూసి, చావింటికి వచ్చినవాడికి పోసినట్టు బీరు పోశారు.

ఆ తర్వాత మూడు వారాలు నేను కొండవాలు మీద గుడిసెలోనే ఉండిపోయాను. పెంతెకొస్తు పండగ మర్నాడు, సోమవారం, మా క్వేల్ డౌన్ ఊళ్ళో ఆడవాళ్ళ మ్యాచ్. పెళ్ళికాని పిల్లలు ఒక జట్టు, పెళ్ళయినవాళ్ళు ఒక జట్టు. ఆ లోపల మైదానంలో గడ్డి నున్నగా గొరిగించాలి, ఆ పని నా గొర్రెలదే. అమ్మ కంచె మీద పెట్టి వెళ్ళిన రొట్టె తినడం, గొర్రెల్ని తిప్పడం, నన్ను నేను తిట్టుకోవడం. ఆదివారాలు కూడా చర్చికి వెళ్ళలేదు. అక్కడ కెజియా ఉంటుంది, ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?

సోమవారం ఊరంతా మైదానానికి వచ్చింది. కమ్మరి రాల్ఫ్ కొత్త కోటు తొడుక్కుని, నా వీపు మీద ఒక్కటి చరిచాడు.

"నిన్నటితో మూడోసారి చాటింపు అయిపోయిందిరా! కెజియా పెళ్ళికి ఇక అడ్డేముంది?"

మా చర్చిలో మూడు ఆదివారాలు జంట పేర్లు చదివారంటే పెళ్ళి ఖాయమైనట్టే. ఎవరితో? వీడి కొత్త కోటు చూశాను. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

"నువ్వు రాలేదేమని పాదిరిగారు అడిగారు కూడా," అన్నాడు.

"గొర్రెలు," అన్నాను.

అప్పుడు కెజియా వచ్చింది. ఆడపిల్లలంతా నీలం రిబ్బన్లు కట్టుకుని ఒకవైపు నిలబడి ఉంటే, తను నేరుగా వెళ్ళి ఎర్ర రిబ్బన్ల పక్కన, పెళ్ళయినవాళ్ళ జట్టులో నిలబడింది.

"ఇంకా అవ్వందే ఇటొచ్చావేంటే పిల్లా?" అంది పాదిరిగారి భార్య.

"మూడుసార్లు పేర్లు చదివారుగా. చాలదా?"

అందరూ ఘొల్లున నవ్వారు. నా చేతి కర్ర జారి కాలి మీద పడింది. నొప్పి కూడా తెలీలేదు. జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ఆమె ఎదురుగా నిలబడ్డాను.

"ఎవరు?"

"ఎవరేంటి?"

"నువ్వు పెళ్ళి చేసుకునేది ఎవర్ని? ఆ రాల్ఫ్‌నా?"

నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. కెజియా మొహం తెల్లబోయింది.

"నీకు... నీకు తెలీదా?"

"నాకెవరు చెప్పారు?"

అమ్మ పరుగున వచ్చింది. "ఒరేయ్, లకిన్ గారితో వెళ్ళి మీ ఇద్దరి పేర్లూ ఇచ్చింది నేనే కదరా! ఆయన నీకు చెప్పి ఉంటాడనుకున్నా."

"కన్నతల్లివి, నువ్వే చెప్పి ఉంటావనుకున్నానమ్మా నేను," అన్నారు లకిన్ గారు.

నేను కెజియా వైపు తిరిగాను. "నాతోనా? నా పేరా చదివింది?"

"చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని మూడుసార్లు అడిగారు," అంది కెజియా. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, గొంతు మాత్రం తగ్గలేదు. "నువ్వు నోరెత్తలేదు. నేను ఔటనే అన్నాను, కోపం తగ్గాక నీ పందెం సంగతీ, నువ్వు ఔటైన సంగతీ ఇంట్లో చెప్పాను. ఇప్పుడు చెప్పు, అభ్యంతరం ఉందా?"

"లేదు, కానీ ఆ రోజు నిజంగా నాటౌ..."

ఊరంతా ఒక్కసారిగా తల పట్టుకుంది. అమ్మ చెయ్యెత్తింది కూడా.

కెజియా కంచెలోంచి ఒక కర్ర విరిచి తెచ్చి, వికెట్ రెండు కర్రల నడుమ నాటింది. అడ్డపుల్ల సరిచేసింది.

"బ్యాట్ తీసుకో."

తీసుకున్నాను. ఆమె టోపీ విప్పింది. బంతి గడ్డి మీద పాకుతూ వచ్చింది, కాస్త నిదానంగానే వచ్చింది. బ్యాట్ అడ్డం పెట్టడానికి నాకు బోలెడంత టైముంది. పెట్టలేదు.

మధ్యకర్ర ఎగిరిపోయింది, అడ్డపుల్ల నా బూటు మీద పడింది.

"ఔట్!" అని అందరికంటే ముందు అరిచింది నేనే. గొర్రెలు బెదిరి కొండెక్కేశాయి.

ఆ తర్వాత పక్క ఊరి జట్టు ఆడటానికి వచ్చి, మూడో కర్ర ఏంటి, తీసెయ్యమని గొడవపెట్టింది. మా ఊళ్ళో ఎవరూ దాని మీద చెయ్యి వెయ్యలేదు. అది తీసేస్తే నా పెళ్ళి చెల్లదని మా అమ్మ భయం.